జపాన్ పోయే పిల్లలకు పరీక్షలు సరే, మాట్లాడే మనిషి ఎక్కడ?

సంపాదకుల వారికి,

నమస్కారం. మీ జిల్లా పేజీలో ఈ మధ్య జపాన్ ఉద్యోగాల వార్తలు తరచుగా వస్తున్నాయి. శిక్షణ పూర్తయిందని, ఇంతమంది ఎంపికయ్యారని, సర్టిఫికెట్లు పట్టుకుని వరసగా నిలబడ్డ పిల్లల ఫోటో, మధ్యలో శాలువా కప్పించుకున్న పెద్దమనిషి ఒకరు. సంతోషమే. నేనూ ఆ దారిలో ఉన్నదాన్నే. కడపలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేస్తూ, డ్యూటీల మధ్య జపనీస్ చదువుకుని ఎన్4 అనే భాషా పరీక్ష పాసయ్యాను. కానీ ఆ వార్తలు రాసేవాళ్లు గానీ శాలువాలు కప్పించుకునేవాళ్లు గానీ ఒక ప్రశ్న అడగగా నేను చూడలేదు. వీళ్లలో ఎంతమంది ఒక జపాన్ మనిషితో రెండు నిమిషాలు నోరు తెరిచి మాట్లాడగలరు? నా ఉత్తరమంతా దాని గురించే. కొంచెం పొడుగవుతుంది, చోటు చాలకపోతే కత్తిరించి వేసుకోండి, అమ్మాయిల గురించి రాసిన భాగం మాత్రం తీసేయొద్దు.

తెలియనివాళ్ల కోసం ముందు ఈ పరీక్షల సంగతి చెప్తాను. జపనీస్‌కు జేఎల్‌పీటీ అని ఒక పరీక్ష ఉంది, అందులో అయిదు మెట్లు, ఎన్5 అన్నిటికంటే కింద, ఎన్1 అన్నిటికంటే పైన. జూలైలో, డిసెంబరులో మొదటి ఆదివారం పెడతారు, మన జిల్లావాళ్లు ఎక్కువగా చెన్నైకో బెంగళూరుకో పోయి రాస్తారు. పదాలు, వ్యాకరణం, చదవడం, వినడం ఉంటాయి. మాట్లాడటం ఉండదు. ఎన్1 కూడా నోరు మెదపకుండా జవాబు కాగితంలో గుండ్రాలు నింపి పాసైపోవచ్చు. ఇక పనితనం ఉన్న విదేశీయుల కోసం 2019లో జపాన్ ప్రభుత్వం తెచ్చిన స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ వీసా ఉంది కదా, మన పిల్లలు ఎక్కువగా ఆశ పెట్టుకున్నది దాని మీదే. అందులో పెద్దవాళ్లను చూసుకునే కైగొ పనికి పోవాలంటే ఎన్4 అయినా ఉండాలి, లేదా జేఎఫ్‌టీ బేసిక్ అనే పరీక్ష అయినా పాసవ్వాలి. పైన ఆ పని మీద ఒక పరీక్ష, ఆ పనిలో వాడే జపనీస్ మీద ఇంకొకటి. జేఎఫ్‌టీ కంప్యూటర్ ముందు గంటసేపు రాసేది, 250కి 200 రావాలి. అందులో సంభాషణ అని ఒక విభాగమే పెట్టారు. అదైనా నోటితో చెప్పాలేమో అనుకునేరు, అక్కడా సరైన జవాబు మీద మౌస్ నొక్కడమే!

అంటే కాగితాల మీద ఉన్న పరీక్షలన్నీ మూగనోముతో దాటేయొచ్చు. ఆ తర్వాత వస్తుంది కంపెనీ ఇంటర్వ్యూ, వీడియో కాల్‌లో, జపనీస్‌లో. అక్కడ మన పిల్లలు పడే టెన్షన్ నేను పక్క కుర్చీలో కూర్చుని చూశాను. హజిమెమషితె అని మొదలుపెట్టి, పేరు, ఊరు, కడప కర కిమషిత (కడప నుంచి వచ్చాను), చదువు, ఇంట్లో ఎంతమంది, యొరొషికు ఒనెగైషిమసు అని తలవంచేదాకా రైలు పట్టాల మీద పోయినట్టు పోతుంది, ఎందుకంటే అది నెలల తరబడి బట్టీ పట్టింది. అవతలాయన నవ్వుతూ నిన్న రాత్రి ఏం తిన్నారు అని అడిగాడు. అంతే. మా బ్యాచ్‌లో మంచి మార్కులు వచ్చిన రాయచోటి అమ్మాయి ఆమె, తినడానికి క్రియ తెలుసు, దాన్ని భూతకాలంలోకి మార్చడం తెలుసు, అన్నానికి, చేపకు, కోడిగుడ్డుకు పదాలు తెలుసు, పరీక్షలో అడిగితే అర నిమిషంలో పెట్టేది. నోట్లోంచి ఒక్క ముక్క రాలేదు. తెలివి లేక కాదు, అప్పటిదాకా ఎవరూ ఆమెను ఆ భాషలో ఏమీ అడిగి ఉండకపోవడం వల్ల.

మన ప్రాంతానికి పరదేశం కొత్త కాదు. రాజంపేట, రాయచోటి వైపు ఏ పల్లెకు పోయినా కువైట్ పోయొచ్చిన ఆడవాళ్లు కనపడతారు. వాళ్లలో చాలామంది అరబ్బీలో మొదటి అక్షరం అలీఫ్ అంటే ఏమిటో కూడా తెలియకుండా విమానమెక్కినవాళ్లే. వంటింట్లో నిలబడి, తిట్లు తింటూ, చేతులు చూపిస్తూ ఆరు నెలలకో ఏడాదికో అరబ్బీ మాట్లాడేశారు, ఇప్పటికీ రాయడం రాదు గానీ ఫోన్లో గడగడా మాట్లాడతారు. జపాన్ పద్ధతి దానికి తలకిందులు. భాష ముందు నేర్చుకుని రావాలంటారు, అది మంచిదే, ఆ ఆడవాళ్లు పడ్డ అవస్థ పడక్కర్లేదు. కానీ ముందు నేర్పడం అనేసరికి మన దగ్గర అది కాగితం చదువైపోయింది.

శిక్షణ ఇచ్చేవాళ్ల మీద అందరినీ కలిపి రాయను, మంచివాళ్లూ ఉన్నారు. నేను చేరిన చోట మాత్రం కరపత్రంలో జపాన్ దేశస్థులతో నేరుగా మాట్లాడిస్తాం అని పెద్ద అక్షరాల్లో వేశారు. ఫీజు కట్టాక అడిగితే ఈ నెలలో, వచ్చే నెలలో అన్నారు, చివరికి ఒక రికార్డు చేసిన వీడియో వేసి చూపించారు. మాకు చెప్పే సార్ కష్టపడే మనిషే, కానీ నలభై మంది ఉన్న గదిలో ఒక్కొక్కరూ ఒక్కో వాక్యం పలికేసరికి క్లాసు అయిపోతుంది. ఆయన్ను ఏమనగలం.

2025 ఆగస్టులో ప్రధాని జపాన్ వెళ్లినప్పుడు రెండు దేశాల మధ్య అయిదేళ్లలో 5 లక్షల మంది రాకపోకలు జరగాలని, అందులో మన దేశం నుంచి 50 వేల మంది పనితనం ఉన్నవాళ్లు అక్కడికి పోవాలని అనుకున్నారు. అక్కడ జనాభాలో వందకు 29 మంది 65 ఏళ్లు దాటినవాళ్లు, పిలుస్తున్నారంటే ఆశ్చర్యం లేదు. అటువైపు అవసరం ఉంది, ఇటువైపు ఆశ ఉంది. మధ్యలో ఉండాల్సిన మాటే లేదు.

సరే, క్లాసులో దొరకదు, కడపలో జపాన్ వాళ్లు ఉండరు. అనంతపురం వైపు కియా ఫ్యాక్టరీ పుణ్యాన కొరియావాళ్లయినా కనపడతారు (మా ఇంట్లో నన్ను అడిగే ప్రశ్న కూడా అదే, దగ్గర్లో కొరియా వాళ్లు ఉండగా ఈ జపాన్ ఎందుకే నీకు అని). జపాన్ కంపెనీలు శ్రీసిటీలో ఉన్నాయి గానీ వాళ్ల గేటు ముందు నిలబడి నాతో మాట్లాడండి అని అడగలేం కదా. కాబట్టి మిగిలింది ఫోనే. హలోటాక్, టాండెమ్ లాంటి యాప్‌లు ఉన్నాయి, నీ సొంత భాష ఏది, నేర్చుకునేది ఏది అని అందులో పెడితే, నీ భాష కావాలనుకునే వాళ్లను చూపిస్తుంది. రాసి పంపొచ్చు, గొంతు రికార్డు చేసి పంపొచ్చు, కాల్ చేసుకోవచ్చు. హలోటాక్‌లో మనం రాసిన వాక్యంలో తప్పుంటే అవతలివాళ్లు అక్కడికక్కడే దిద్ది పంపే ఏర్పాటు కూడా ఉంది. మామూలుగా వాడటానికి డబ్బు కట్టక్కర్లేదు. అందరికీ తెలిసిన సంగతే, మా బ్యాచ్‌లో దాదాపు అందరి ఫోన్లలోనూ ఈ యాప్‌లు ఉన్నాయి. మరి మాట్లాడుతున్నది ఎంతమంది అంటే ఇద్దరో ముగ్గురో.

ఎందుకంటే మనవాళ్లు దీన్ని అడుక్కోవడం అనుకుంటారు, ఇది మారకం. మా చిన్నప్పుడు పల్లెలో ఐసు బండి వస్తే దోసెడు చెనిక్కాయలు పోసి ఐసు తీసుకునేవాళ్లం, సరిగ్గా అట్లాంటిది. నువ్వేం పోస్తున్నావు అన్నది అసలు ప్రశ్న. అవతలి మనిషి రోజంతా ఉద్యోగం చేసి, రాత్రి పూట అరగంట కూర్చుంటున్నాడంటే తనకూ ఏదో నేర్చుకోవాలని ఉంది కాబట్టే. మన పిల్లలు మొదటి మెసేజ్‌లోనే ప్లీజ్ టీచ్ మీ జపనీస్ అని పెడతారు. వాళ్లకు రోజూ అలాంటివి బోలెడు వస్తాయి, ఎందుకు జవాబిస్తారు?

ఇంకో మాట కూడా రాయాలి, మన కుర్రాళ్లకు కోపం వచ్చినా సరే. హాయ్ డియర్, గుడ్ మార్నింగ్ డియర్, యువర్ పిక్ సూపర్, ఆర్ యూ మ్యారీడ్. జపాన్ అమ్మాయి ప్రొఫైల్ కనపడగానే ఇవి పడుతూనే ఉంటాయి. జవాబు రాకపోతే ప్రశ్న గుర్తులు నాలుగు, ఆ తర్వాత చెప్పాపెట్టకుండా కాల్. ఇది ఒక్క మనవాళ్లే చేస్తారని కాదు, అన్ని దేశాల నుంచీ ఈ బాపతు ఉంటారు, కానీ మన వాటా తక్కువేమీ కాదు. మగవాళ్లు మెసేజ్ పెట్టొద్దు అని చాలామంది తమ ప్రొఫైల్‌లోనే రాసుకుంటున్నారు. దాని ఫలితం పడేది ఎవరి మీద? నిజంగా పొద్దున లేచి కంజి అనే జపాన్ అక్షరాలు రాసుకుని, పనికి పోయి, సాయంత్రం నాలుగు మాటలు మాట్లాడాలని కూర్చున్న ప్రొద్దుటూరు పిల్లాడి మీద. వాడి పేరు చూడగానే అవతలివాళ్లు తలుపు మూసేస్తారు. అబ్బాయిలకు నేనిచ్చే సలహా మొరటుగా ఉంటుంది గానీ పనిచేస్తుంది. మగవాళ్లతోనే మాట్లాడండి. యాభై, అరవై ఏళ్ల మగవాళ్లతో మాట్లాడండి. ఉద్యోగం నుంచి దిగిపోయి తీరికగా ఉన్నవాళ్లు, మాట్లాడేటప్పుడు తొందరపెట్టరు, పైగా రేపు కైగొ పనిలో మీరు చూసుకోబోయేది ఆ వయసుకు ఇంకో ఇరవై ఏళ్లు కలిపినవాళ్లనే.

మరి మనం పోయాల్సిన చెనిక్కాయలు ఏమిటి? చాలామంది జపాన్ వాళ్లకు కావాల్సింది ఇంగ్లీషు. ఇక్కడే మన పిల్లలు కుంగిపోతారు, నా ఇంగ్లీషే అంతంత మాత్రం, నేనేం నేర్పుతాను అని. అసలు సంగతేమిటంటే వాళ్ల ఇంగ్లీషు కూడా చాలాసార్లు అంతంత మాత్రమే, వాళ్లు కూడా పదేళ్లు బడిలో చదివి నోరు తెరవలేనివాళ్లే. తప్పు మాట్లాడితే నవ్వని మనిషి దొరికితే చాలు అనుకుంటారు. అమెరికావాళ్లతో మాట్లాడాలంటే భయం గానీ ఇండియావాళ్లతో భయం లేదు అని నాతో మాట్లాడే ఒసాకా ఆవిడ చెప్పింది, ఆవిడకు మనవరాలు ఉంది, అయినా విమానంలో ఒంటరిగా విదేశం పోయిరావాలని ఆవిడ కోరిక.

ఇంగ్లీషు అసలే వద్దనుకుంటే తెలుగు ఉంది. నవ్వకండి. 2022 అక్టోబరులో ఆర్ఆర్ఆర్ జపాన్‌లో విడుదలై, అక్కడ అంతకుముందు ఏ భారతీయ సినిమాకూ రానన్ని డబ్బులు చేసుకుంది. దాన్ని మళ్లీ మళ్లీ చూసి, పాటలు పాడుకుని, హీరోల మాటలు అర్థం కావాలని తెలుగు నేర్చుకోవడం మొదలుపెట్టిన వాళ్లు అక్కడ ఉన్నారు. ఇంగ్లీషు వాళ్లతో పోలిస్తే గుప్పెడు మందే, కానీ ఇంగ్లీషు నేర్పడానికి ప్రపంచమంతా పోటీ, తెలుగు నేర్పడానికి మనం తప్ప ఎవరున్నారు? మన పిల్లలు ప్రొఫైల్‌లో సొంత భాష హిందీ అనో ఇంగ్లీషు అనో పెట్టుకుంటున్నారు, ఎందుకో నాకు అర్థం కాదు. తెలుగు అని పెట్టండి. నాతో ఎక్కువ కాలం నిలిచిన మనిషి అలా వచ్చినావిడే. ఆవిడకు నేను సినిమా డైలాగులు విడదీసి చెప్తాను, ఆవిడ నాకు ముసలివాళ్లు నొప్పిని ఎలా చెప్తారో చెప్తుంది. అది ఏ పుస్తకంలోనూ మాకు సరిగ్గా చెప్పలేదు. జపాన్ వాళ్లు నొప్పిగా ఉంది అని ఊరుకోరు, సలుపుతుంటే జుకిజుకి, గుచ్చుతుంటే చికుచికు, చర్మం మండుతుంటే హిరిహిరి అంటారు. నర్సుకు ఇది తెలియకపోతే రోగి చెప్పింది సగమే అర్థమవుతుంది.

తెలుగు గురించి ఇంకొకటి. మాకు క్లాసులో జపనీస్‌ను ఇంగ్లీషు మీదుగా చెప్పారు, చుట్టూ తిరిగి ముక్కు పట్టుకోవడమే. వతషి వ కినో బ్యోఇన్ ని ఇకిమషిత. నేను నిన్న ఆసుపత్రికి వెళ్లాను. వరస అదే, క్రియ చివరే, మన కి ఉన్నచోట వాళ్ల ని. పలకడం కూడా అంతే, పొట్టి అచ్చుకు, పొడుగు అచ్చుకు తేడా పాటించడం ఇంగ్లీషువాళ్లకు ప్రాణసంకటం, మనకు దీర్ఘం పెట్టడం ఎవరూ నేర్పక్కర్లేదు. బిరు అంటే బిల్డింగు, బీరు అంటే బీరే. కితె అంటే రా, కిత్తె అంటే కొయ్యి. తెలుగు లిపిలో రాసుకుంటే తేడా కళ్ల ముందు ఉంటుంది. ఇన్ని అనుకూలాలు పెట్టుకుని మన పిల్లలు మాట్లాడలేకపోతున్నారంటే నాకు ఏడుపొస్తుంది.

మాట్లాడే పద్ధతి గురించి కొంచెం. జపాన్ మనకంటే మూడున్నర గంటలు ముందు. మనకు సాయంత్రం ఏడైతే అక్కడ రాత్రి పదిన్నర, పడుకునే వేళ. మన పిల్లలు రాత్రి భోంచేసి తొమ్మిదింటికి ఫోను పట్టుకుని ఎవరూ ఆన్‌లైన్‌లో లేరు అంటారు, ఎలా ఉంటారు, అక్కడ అర్ధరాత్రి దాటింది. నాకు మార్నింగ్ షిఫ్ట్ రెండింటికి అయిపోతుంది, ఇంటికొచ్చి తిని నాలుగింటికి కూర్చుంటే అక్కడ ఏడున్నర, అందరూ ఇళ్లకు చేరే వేళ. ఆదివారం పొద్దున పదింటికి అయితే అక్కడ మధ్యాహ్నం ఒకటిన్నర. చెప్పకుండా కాల్ చేయకూడదు, ముందు రోజు అడిగి టైము పెట్టుకోవాలి, పెట్టుకున్నాక ఒక్క నిమిషం కూడా ఆలస్యం కాకూడదు, ఇది మనవాళ్లకు చాలా కష్టం. కొన్నాళ్లయ్యాక వాళ్లు లైన్ అనే యాప్‌లోకి రమ్మంటారు, వాళ్లకు అది మన వాట్సాప్ లాంటిది, వాట్సాప్ అక్కడ పెద్దగా వాడరు. ఏదైనా అడిగినప్పుడు చొత్తొ అని సాగదీసి ఆగిపోతే కాదు అన్నట్టే, ఇక ఆ విషయం వదిలేయాలి. వయసెంత, పెళ్లయిందా, జీతమెంత అనే మన మామూలు పలకరింపులు మొదటి రోజు వద్దు. వాళ్లు మాట్లాడుతుంటే గమ్మున వినకూడదు, మధ్యమధ్యలో హై, సో దెసు నె, నరుహొదొ అంటూ ఉండాలి, లేకపోతే లైను తెగిపోయిందనుకుని మొషిమొషి అంటారు. ఊఁ కొట్టడం మనకు చిన్నప్పటి నుంచీ అలవాటే కాబట్టి ఇది రెండు రోజుల్లో వచ్చేస్తుంది. అరగంటలో సగం వాళ్ల భాష, సగం మన భాష, ఫోన్లో టైమర్ పెట్టుకుంటే గొడవ లేదు. ఏం మాట్లాడాలో ముందే ఒకటి అనుకుని ఉండాలి, ఈ రోజు వంట, ఈ రోజు మా ఊరి బస్సు ప్రయాణం, ఇలా. ఎలా ఉన్నారు, బాగున్నాను, వాతావరణం ఎలా ఉంది, ఎండగా ఉంది, అయిపోయింది, ఇద్దరూ నీళ్లు నమిలి ఫోను పెట్టేస్తారు. కడప ఎండల గురించి మాట్లాడుకోవడం కూడా ఎన్నిసార్లని.

ఇప్పుడు అమ్మాయిల విషయం. మా లాంటివాళ్లకు యాప్‌లో మగవాళ్ల బెడద ఒకటయితే ఇంట్లో అనుమానం ఇంకోటి. సాయంత్రం పూట గదిలో కూర్చుని, ఎవరితోనో, అర్థం కాని భాషలో, నవ్వుతూ. పక్కింటివాళ్ల చెవిన పడితే చాలు. మా బ్యాచ్‌లో ఒక అమ్మాయికి వాళ్లన్న ఈ కారణంగానే ఫోను లాక్కున్నాడు, ఆ పిల్ల ఎన్4 పుస్తకం పక్కన పెట్టేసింది, ఇప్పుడు సంబంధాలు చూస్తున్నారు. నేను మా ఇంట్లో చేసింది ఏమిటంటే హాల్లో, మాయమ్మ టీవీ చూసే చోటే, స్పీకర్ పెట్టి మాట్లాడటం మొదలుపెట్టాను. మొదట్లో సిగ్గేసింది. తర్వాత మాయమ్మే అవతలావిడను అడగమని ప్రశ్నలు ఇవ్వడం మొదలుపెట్టింది, అక్కడ బియ్యం కిలో ఎంత, కోడళ్లు అత్తల దగ్గరే ఉంటారా అని. ఆ ప్రశ్నలు నాకు పుస్తకంలోని పాఠాల కంటే ఎక్కువ పనికొచ్చాయి, ఎందుకంటే వాటికి బట్టీ జవాబులు లేవు.

యాప్‌లో జాగ్రత్తలు కూడా రాస్తాను. హలోటాక్‌లో మనం ఆడవాళ్లకు మాత్రమే కనపడేలా పెట్టుకునే సెట్టింగ్ ఉంది, అది మొదటి రోజే పెట్టుకోవాలి. వయసు, ఊరు కనపడకుండా దాచుకోవచ్చు. సొంత ఫోటో బదులు పువ్వు బొమ్మో పిల్లి బొమ్మో పెట్టుకుంటే నష్టమేమీ లేదు. ఫోన్ నంబరు, పనిచేసే చోటు చెప్పక్కర్లేదు. పరిచయమైన వారానికే పెట్టుబడి గురించో, క్రిప్టో గురించో, కస్టమ్స్‌లో ఇరుక్కున్న గిఫ్టు పార్శిల్ గురించో మాట్లాడేవాడు జపాన్ వాడూ కాదు, భాష నేర్చుకునేవాడూ కాదు. జపాన్‌లో ఉద్యోగం ఇప్పిస్తా, ముందు డబ్బు పంపు అన్నా అంతే. కువైట్ ఏజెంట్ల చేతిలో మన జిల్లా ఇప్పటికే చాలా పోగొట్టుకుంది.

జపాన్ వాళ్లే దొరకాలని కూడా లేదు. ఈ మాట అంటే మా సార్‌కు కోపం వచ్చింది, తప్పు ఉచ్చారణ అంటుకుంటుంది అన్నారు. కొంత నిజమే కావచ్చు. కానీ ఎన్5 చదివే పిల్లకు జపాన్ మనిషి మాట్లాడే వేగం చూస్తేనే గొంతు ఎండిపోతుంది. అదే నేపాల్ అమ్మాయో, వియత్నాం అబ్బాయో, ఇండోనేషియా నర్సో అయితే ఇద్దరిదీ ఒకటే స్థాయి, ఇద్దరికీ మధ్య ఉన్న భాష జపనీస్ ఒక్కటే, తెలుగులోకి జారిపోవడానికి వీల్లేదు. డిస్కార్డ్ అనే యాప్‌లో ఇలాంటి గుంపులు ఉన్నాయి, గొంతుతో మాట్లాడుకునే గదులుంటాయి, కొన్నాళ్లు ఊరికే వింటూ కూర్చున్నా ఎవరూ ఏమనరు. మా బ్యాచ్‌వాళ్లమే ఇద్దరిద్దరం కలిసి ఫోన్లో జపనీస్‌లోనే మాట్లాడుకుందాం అని పెట్టుకున్నాం కూడా, అది మాత్రం నిలవలేదు, రెండో నిమిషంలోనే ఒసేయ్ అది కాదే అంటూ తెలుగులోకి వచ్చేసేవాళ్లం.

డబ్బు పెట్టగలిగితే ఐటాకి లాంటి వెబ్‌సైట్లలో గంట లెక్కన మాట్లాడేవాళ్లు దొరుకుతారు. పాఠం చెప్పే టీచర్లు వేరు, ఊరికే మాట్లాడించేవాళ్లు వేరు, రెండోవాళ్లు తక్కువ తీసుకుంటారు. మన డబ్బుల్లో గంటకు వెయ్యికి అటూఇటూ పడుతుంది, ప్రైవేటు నర్సు జీతానికి అది బరువే. అయినా ఇంటర్వ్యూ ముందు నెలలో రెండు మూడు గంటలు పెట్టినా దండగ కాదంటాను. డబ్బిచ్చి మాట్లాడించుకోవడం ఏమిటని నవ్వినవాళ్లకు మన కడప సంగతే గుర్తు చేస్తాను. 1820లో ఇక్కడికి ఉద్యోగానికి వచ్చిన సీపీ బ్రౌన్ దొర బంగళా కొని, పండితులను జీతమిచ్చి పెట్టుకుని తెలుగు పని చేశాడు. యర్రముక్కపల్లెలో ఆయన పేరు మీదున్న లైబ్రరీ ముందు నుంచి రోజూ పోతాం, ఎవరమూ ఈ సంగతి ఆలోచించం.

ఈ మధ్య ఏఐతో మాట్లాడొచ్చు కదా అంటున్నారు. నేనూ వాడుతున్నాను. అర్ధరాత్రి నైట్ డ్యూటీ మధ్యలో అయినా పలుకుతుంది, ఎన్ని తప్పులు మాట్లాడినా విసుక్కోదు, సిగ్గు పోగొట్టుకోవడానికి మంచిదే. కానీ పళ్లు లేని తొంభై ఏళ్ల పెద్దాయన గొణిగినట్టు అది గొణగదు, తన ఊరి యాసలో సగం మాట మింగేయదు, నేను చెప్పింది నచ్చక మొహం ముడుచుకోదు. మేం పోయేది అలాంటి వాళ్ల దగ్గరికే.

చివరగా నేను అడిగేవి రెండు మూడు ఉన్నాయి. శిక్షణ సంస్థలను ఎంపిక చేసేటప్పుడు, డబ్బు ఇచ్చేటప్పుడు, ఎంతమంది పాసయ్యారన్నది కాకుండా ఒక్కో విద్యార్థి వారానికి ఎన్ని నిమిషాలు బయటి మనిషితో మాట్లాడాడో కూడా అధికారులు అడగాలి. అది రాసి పెట్టడం పెద్ద పనేమీ కాదు, యాప్‌లోనే కాల్ ఎంతసేపు జరిగిందో కనపడుతుంది. మన పక్కన అనంతపురంలో ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థవాళ్లు పల్లె పిల్లలకు విదేశీ భాషలు నేర్పించి ఉద్యోగాల దాకా తీసుకుపోతున్నారు, ఎలా చేస్తున్నారో ఎవరైనా పోయి చూసి రావచ్చు, కొన్ని గంటల ప్రయాణమే కదా.

ఇంకోటి, జిల్లా గ్రంథాలయంలో గానీ, యోగివేమన విశ్వవిద్యాలయం కింద ఉన్న ఆ బ్రౌన్ కేంద్రంలో గానీ వారానికి ఒక పూట ఒక గది ఇవ్వాలి. వైఫై, తలుపు వేసుకునే వీలు, అయిదారు కుర్చీలు. ఇంట్లో ఒప్పుకోని అమ్మాయిలు అక్కడికి వచ్చి నలుగురి మధ్య కూర్చుని ధైర్యంగా మాట్లాడుకుంటారు, లైబ్రరీకి పోయొస్తానంటే ఏ అన్నా ఫోను లాక్కోడు. ఆదివారం పొద్దున పదింటికి పెడితే అటువైపు వాళ్లకు కూడా వీలవుతుంది. దానికి కావాల్సిన పేర్లు సేకరించే పని నేను చూసుకుంటాను, ఇప్పటికే కొందరితో మాట్లాడాను, కడప నుంచే కాక మైదుకూరు, ప్రొద్దుటూరు నుంచి కూడా వస్తామన్నారు. గది అడుగుతూ అర్జీ కూడా రాసి పెట్టుకున్నాం, ఎవరి పేరు మీద ఇవ్వాలో తేల్చి చెప్పేవాళ్లే దొరకడం లేదు, మీ విలేకరి ఎవరైనా ఆ ఒక్కటి కనుక్కుని చెప్తే సోమవారమే పోయి ఇచ్చి వస్తాం.

ఇట్లు,
ఒక స్టాఫ్ నర్సు,
కడప